వర్కింగ్ డిజైన్స్ ఎందుకు మూతపడింది: గేమ్ లోకలైజేషన్ చేసేవాళ్ళకు ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో గేమ్ లోకలైజేషన్ (ఒక భాషలోని గేమ్‌ను ఇంకో భాష ఆటగాళ్ళకు తగ్గట్టు తేవడం) చేసే చిన్న టీములన్నీ ఏదో ఒక రోజు ఒక నిర్ణయం దగ్గర ఆగుతాయి. వేరేవాళ్ళ గేమ్‌కి తెలుగులోనో హిందీలోనో డైలాగులు రాసిచ్చి, బిల్లు పంపి, డబ్బు వచ్చేదాకా ఎదురుచూస్తూ ఉండాలా? లేక ఆ గేమ్ హక్కులే కొని, మన పేరు మీద విడుదల చేసి, లాభమైనా నష్టమైనా మనమే భరించాలా? మాదాపూర్, కొండాపూర్ వైపు టీముల నుంచి ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లు చాలావరకు దీని గురించే. సర్వీసు పనిలో రేట్లు పెరగడం లేదు కాబట్టి పబ్లిషింగ్ వైపు మనసు లాగడం సహజమే. అలా అడిగినవాళ్ళకు లెక్కల షీటు తెరవక ముందే నేను వర్కింగ్ డిజైన్స్ చరిత్ర చెబుతాను.

వర్కింగ్ డిజైన్స్ అమెరికన్ కంపెనీ. 1986లో కాలిఫోర్నియా ఉత్తరాన ఉన్న రెడింగ్ అనే ఊళ్ళో మొదలైంది, 2005 డిసెంబరులో మూతపడింది. జపాన్‌లో వచ్చిన గేమ్‌లను ఇంగ్లీషులోకి తెచ్చి అమెరికాలో అమ్మడం దాని వ్యాపారం. మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు చెబితే ఇప్పటికీ మురిసిపోయేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళూ ఉన్నారు. అనువాదం బాగా లేక మూతపడిందని కొందరు, విడుదలలు ఆలస్యం చేసి మూతపడిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తను అమ్మే గేమ్ తనది కాదు, అది ఆడే కన్సోల్ (టీవీకి తగిలించి గేమ్‌లు ఆడే యంత్రం) కూడా తనది కాదు. ఈ రెండూ లేకుండా పబ్లిషర్‌గా బతకాలంటే అవతలివాళ్ళకు మన అవసరం ఉండాలి. ఆ అవసరం ఉన్నన్నాళ్ళూ కంపెనీ వెలిగింది, తీరిపోగానే ఆరిపోయింది.

మన దగ్గర సినిమా వ్యాపారం తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తమిళ సినిమాకు కమీషన్ మీద డబ్బింగ్ చేసిపెట్టే స్టూడియో వేరు, మినిమం గ్యారంటీ కట్టి తెలుగు హక్కులు కొనుక్కునే నిర్మాత వేరు. మొదటివాడికి సినిమా ఆడినా ఆడకపోయినా కూలి వస్తుంది. రెండోవాడు ముందే డబ్బు పెట్టాలి. ఆపైన థియేటర్లు దొరకకపోతే డైలాగులు ఎంత గొప్పగా రాయించుకున్నా డబ్బు తిరిగి రాదు. వర్కింగ్ డిజైన్స్ రెండో రకం.

బలహీనమైన కన్సోల్ మీద బలమైన కంపెనీ

మొదట్లో ఈ కంపెనీ చేసింది గేమ్‌లు కాదు, పర్సనల్ కంప్యూటర్లకు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. విక్టర్ ఐర్లాండ్ చేరాక దారి మారింది. చివరిదాకా కంపెనీకి ముఖం ఆయనే, డైలాగుల్లో వినిపించే గొంతు కూడా చాలావరకు ఆయనదే. 1991లో పారసోల్ స్టార్స్, కడాష్ అనే రెండు గేమ్‌లతో టర్బోగ్రాఫ్స్-16 అనే కన్సోల్ మీద అడుగుపెట్టారు. మరుసటి ఏడాది కాస్మిక్ ఫాంటసీ 2, ఎక్సైల్ వచ్చాయి.

ఈ కన్సోల్ సంగతి గమనించాలి. ఎన్ఈసీ వాళ్ళది. జపాన్‌లో పీసీ ఇంజిన్ పేరుతో బ్రహ్మాండంగా నడిచింది, అమెరికాలో మాత్రం నింటెండో, సెగాల మధ్య నలిగిపోయింది. అంటే జపాన్‌లో మంచి గేమ్‌లు గుట్టలుగా ఉన్నాయి, అమెరికాలో వాటిని తెచ్చే పెద్ద కంపెనీ లేదు. రెడింగ్ లాంటి ఊళ్ళో ఉన్న చిన్న కంపెనీని ఎన్ఈసీ కాదనే పరిస్థితి లేదు. చిన్నవాళ్ళు చొరబడేందుకు ఇంతకన్నా మంచి సందు దొరకదు.

తర్వాత సెగా కన్సోల్‌కు తగిలించే సీడీ పరికరం, సెగా సీడీకి మారారు. అదీ బలహీనమైనదే. ఆ తర్వాత సెగా శాటర్న్. జపాన్‌లో బాగా ఆడి అమెరికాలో దెబ్బతిన్న కన్సోల్ అది కూడా. ఈ మూడింటి మీదా వర్కింగ్ డిజైన్స్ మాట చెల్లింది. కంపెనీ చరిత్ర రాసినవాళ్ళు ఒక్కో గేమ్ గురించీ పేజీలకు పేజీలు రాశారు గానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ క్రమమే. కన్సోల్ కంపెనీకి గేమ్‌లు కరువైనప్పుడు చిన్న పబ్లిషర్‌కు మర్యాద ఉంటుంది. కరువు తీరాక ఫోన్ ఎత్తరు.

లూనార్

గేమ్ ఆర్ట్స్ అనే జపాన్ కంపెనీ 1992లో మెగా సీడీకి (సెగా సీడీకి జపాన్‌లో ఉన్న పేరు) లూనార్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్ (కథలో ఒక పాత్రగా మారి ఆడే గేమ్) మొదటి భాగం తెచ్చింది. వర్కింగ్ డిజైన్స్ దాన్ని 1993 చివర్లో లూనార్: ద సిల్వర్ స్టార్ పేరుతో అమెరికాకు తెచ్చింది. కంపెనీకి పేరు తెచ్చింది ఇదే. రెండో భాగం ఎటర్నల్ బ్లూ జపాన్‌లో 1994లో, అమెరికాలో 1995లో వచ్చింది.

ఆ పని విలువ తెలియాలంటే ఆ రోజుల్లో మామూలు లోకలైజేషన్ ఎలా ఉండేదో చూడాలి. 1994లో అమెరికాలో ఫైనల్ ఫాంటసీ 3 పేరుతో వచ్చిన పెద్ద గేమ్‌ను అనువాదకుడు టెడ్ వూల్సీ దాదాపు 30 రోజుల్లో అనువదించాల్సి వచ్చింది. కార్ట్రిడ్జ్ (గేమ్ నింపి కన్సోల్‌లో దూర్చే చిప్పు డబ్బా) మొత్తం 24 మెగాబిట్లు, అంటే 3 మెగాబైట్లు. అందులోనే బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఇరికించాలి. జపనీస్‌లో నాలుగు అక్షరాల్లో పట్టే మాటకు ఇంగ్లీషులో పది, పన్నెండు అక్షరాలు కావాలి. అందుకని వాక్యాలు కత్తిరించుకుంటూ పోవాల్సిందే. అలాంటి ఇరుకులో ఆయన చేసిన పనికి నాకు ఎంతో గౌరవం.

సీడీలో 600 మెగాబైట్లకు పైగా చోటుంది. వాక్యాలను కత్తిరించాల్సిన పని తప్పింది, గొంతులు రికార్డు చేయొచ్చు, పాటలు ఇంగ్లీషులో పాడించొచ్చు. వర్కింగ్ డిజైన్స్ ఈ చోటును నిండుగా వాడుకుంది. ఊళ్ళో దారినపోయే ముసలాయనకు కూడా ఒక యాస, ఒక విసుగు, ఒక చతురు ఇచ్చింది. అప్పటిదాకా "ఈ ఊరి పేరు ఫలానా" అని మాత్రమే చెప్పే పాత్రలకు ప్రాణం వచ్చింది. ఆటగాళ్ళు ప్రతి ఇంట్లోకీ దూరి ప్రతి మనిషితోనూ మాట్లాడటం అక్కడ అలవాటైంది. లోకలైజేషన్ వల్ల గేమ్ ఆడే తీరే మారిపోయిన సందర్భం ఇది. ఇలాంటివి అరుదు.

అదే సమయంలో చతురుల కోసం అమెరికన్ టీవీ ప్రకటనలు, ఆనాటి రాజకీయ నాయకులు, సెలబ్రిటీలు అందరూ ఆ కల్పిత లోకంలోకి వచ్చిపడ్డారు. 1995లో నవ్వు తెప్పించిన మాట ఐదేళ్ళకే పాతబడింది. నా టీముల్లో రాసేవాళ్ళకు ఈ విషయం గట్టిగా చెబుతాను. ట్రెండింగ్ సినిమా డైలాగు పెడితే విడుదల రోజున ఈలలు పడతాయి, గేమ్ స్టోర్‌లో ఉండేది మాత్రం పదేళ్ళు. అయితే లూనార్ ప్రధాన కథలో, ప్రేమ సన్నివేశాల్లో, చావు సన్నివేశాల్లో వాళ్ళు చేయి జారలేదు. విమర్శించేవాళ్ళు ఈ మాట కూడా చెప్పాలి.

నేను పూర్తిగా తప్పుపట్టేది వాళ్ళ రాతను కాదు. గేమ్ నియమాలను మార్చడాన్ని. ఎటర్నల్ బ్లూలో సేవ్ చేసుకోవాలంటే కష్టపడి సంపాదించిన మ్యాజిక్ పాయింట్లు ఖర్చు పెట్టాలని పెట్టారు, జపాన్ గేమ్‌లో అది లేదు. ఎక్సైల్ రెండో భాగంలో శత్రువుల బలం ఎంత పెంచారంటే అది దాదాపు ఆడలేనిదైపోయింది. తర్వాతి కాలంలో అభిమానులే కూర్చుని ఆ మార్పులన్నీ వెనక్కి తిప్పే ప్యాచ్‌లు (గేమ్‌ను సవరించే చిన్న ఫైళ్ళు) తయారు చేశారు. ఒక లోకలైజేషన్ కంపెనీ చేసిన పనిని చెరిపేసేందుకు ఆ గేమ్‌ను ప్రేమించినవాళ్ళే నడుం కట్టారంటే అంతకన్నా పెద్ద ఫిర్యాదు ఏముంటుంది? మాట మనది, ఆట వాళ్ళది. ఈ గీత దాటకూడదు.

శాటర్న్: గొడవ, ఆలస్యం

1995 మేలో సెగా శాటర్న్ అమెరికాలో హడావిడిగా విడుదలైంది. వర్కింగ్ డిజైన్స్ దాని మీద షైనింగ్ విజ్‌డమ్, ఐరన్ స్టార్మ్, డ్రాగన్ ఫోర్స్, ఆల్బర్ట్ ఒడిస్సీ తెచ్చింది. డ్రాగన్ ఫోర్స్ అయితే శాటర్న్ అభిమానులు ఇప్పటికీ ముందు వరసలో చెప్పుకునే గేమ్.

1997 నాటికి సెగా ఆఫ్ అమెరికాను నడిపిస్తున్నది బెర్నీ స్టోలార్. శాటర్న్ తమ భవిష్యత్తు కాదని ఆయన బహిరంగంగానే చెప్పేశాడు. తమ గేమ్‌లు ఇంకా ఆ కన్సోల్ మీదే ఉన్న చిన్న కంపెనీకి ఆ మాట ఎంత దెబ్బో ఊహించుకోండి. దుకాణాలవాళ్ళు ఆర్డర్లు తగ్గిస్తారు, తయారైన సరుకు గోడౌన్‌లో ఉండిపోతుంది. ఆ ఏడాది ఈ3 అనే పెద్ద గేమ్ ప్రదర్శనలో స్టాల్ ఎక్కడ ఇచ్చారన్న దాని మీద ఐర్లాండ్‌కూ సెగాకూ గొడవైంది, ఆ తర్వాత శాటర్న్‌కు సెలవంటూ కంపెనీ ప్రకటించింది. స్టాల్ అనేది పైకి కనిపించిన కారణం మాత్రమేనని నా అభిప్రాయం.

అప్పటికే ఒప్పుకున్న ఒక గేమ్ మాత్రం మిగిలిపోయింది. మ్యాజిక్ నైట్ రేయర్త్. జపాన్‌లో 1995లో వచ్చినది అమెరికాలో 1998 డిసెంబరులో వచ్చింది. అమెరికాలో శాటర్న్‌కు వచ్చిన ఆఖరి గేమ్ అదే. అప్పటికి జపాన్‌లో సెగా తర్వాతి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ కూడా వచ్చేసింది. జపాన్ వైపు హార్డ్ డిస్కు పాడై గేమ్ డేటా పోయిందనీ, చాలా భాగం మళ్ళీ చేయాల్సి వచ్చిందనీ కంపెనీ చెప్పింది.

ఈ ఒక్క సంఘటన చాలు, పని మొదలుపెట్టే ముందు డేటా గురించి ఎందుకు పట్టుబట్టాలో చెప్పడానికి. సోర్స్ ఫైళ్ళు, ఫాంట్లు, వాయిస్ ఫైళ్ళు, ఆఖరి బిల్డు (ఆడటానికి సిద్ధమైన గేమ్) తయారయ్యే పద్ధతి, ఇవన్నీ మన దగ్గర ఒక కాపీ ఉన్నాకే మొదటి చెల్లింపు అని ఒప్పందంలో రాయించుకోవాలి. మనవాళ్ళు మొహమాటపడతారు. "పెద్ద కంపెనీ కదా, అడిగితే ఏమనుకుంటారో" అంటారు. రేయర్త్ వెనక ఉన్నది సెగా. అంతకన్నా పెద్ద కంపెనీ మనకు ఎప్పుడు తగులుతుంది?

ప్లేస్టేషన్, పెట్టెలు, డబ్బు

1997లో సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ మీద ఫైనల్ ఫాంటసీ 7 వచ్చాక అమెరికాలో జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లకు ఒక్కసారిగా గిరాకీ పుట్టింది. సోనీ జపాన్‌లో స్వయంగా విడుదల చేసిన అలండ్రా లాంటి గేమ్‌ను అమెరికాలో సోనీ తనంతట తాను తీసుకోలేదు. ఆ ఖాళీలోకి వర్కింగ్ డిజైన్స్ వెళ్ళింది. ఆర్క్ ద లాడ్ కూడా అంతే. 1995 నుంచి జపాన్‌లో ప్లేస్టేషన్‌కు గుర్తుగా నిలిచిన సిరీస్, అమెరికాలో దిక్కులేక పడి ఉంటే మొత్తం ఒక పెట్టెలో పెట్టి 2002లో తెచ్చారు.

లూనార్ మొదటి భాగాన్నే ప్లేస్టేషన్ కోసం మళ్ళీ తయారు చేస్తే 1999లో వచ్చిన లూనార్: సిల్వర్ స్టార్ స్టోరీ కంప్లీట్ పెట్టెను చేతిలోకి తీసుకున్నవాళ్ళు దాన్ని మరచిపోరు. గట్టి అట్టతో, బొమ్మలతో, పుస్తకంలా బైండు చేసిన మాన్యువల్. గుడ్డ మీద అచ్చువేసిన మ్యాప్. పాటల సీడీ. గేమ్ ఎలా తయారైందో చూపించే మరో డిస్కు. అలాగే మళ్ళీ తయారై 2000లో వచ్చిన రెండో భాగంలో కథానాయిక లాకెట్ కూడా పెట్టారు. ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళకు విలన్ బొమ్మతో ఒక పంచింగ్ పప్పెట్ ఇచ్చారు. అప్పటికి అమెరికాలో మామూలు గేమ్ అంటే ప్లాస్టిక్ డబ్బా, పల్చటి కాగితం. ఇవాళ కలెక్టర్స్ ఎడిషన్ అని ప్రతివాళ్ళూ అమ్ముతున్న దానికి దారి వేసినవాళ్ళలో వీళ్ళు ముందుంటారు.

పెట్టెలే ముంచాయని చాలామంది విశ్లేషిస్తారు. నాకు అది తొందరపాటు తీర్పుగా అనిపిస్తుంది. ఆ పెట్టె వల్లే ఆ గేమ్ దుకాణంలో కంటికి కనిపించింది, ధర పడిపోకుండా నిలిచింది. ప్రకటనలకు డబ్బులేని చిన్న కంపెనీకి ఆ పెట్టెయే ప్రకటన. అసలు ఇబ్బంది డబ్బు తిరిగే వేగంలో ఉంది. కన్సోల్ గేమ్ పబ్లిషర్ డబ్బు ఇలా కదులుతుంది: ముందు జపాన్ హక్కుదారుకు అడ్వాన్సు. తర్వాత నెలల తరబడి అనువాదం, ప్రోగ్రామింగ్, వాయిస్ రికార్డింగ్ ఖర్చు. ఆపైన కన్సోల్ కంపెనీ దగ్గరే డిస్కులు తయారు చేయించాలి, రాయల్టీతో కలిపి ఒక్కో డిస్కుకు ముందే కట్టాలి, అమ్ముడుపోయినా పోకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. మాన్యువల్, మ్యాప్, లాకెట్ అన్నీ వేర్వేరు చోట్ల తయారై ఒకచోట చేరాలి. వాటిలో ఒక్కటి ఆలస్యమైనా పెట్టె మూయలేం. చివరికి దుకాణాలు అమ్ముకుని, మిగిలినవి తిప్పి పంపి, అప్పుడు డబ్బు ఇస్తాయి.

ఏడాదికి నాలుగైదు గేమ్‌లు వస్తుంటే ఒకదాని డబ్బు ఇంకోదానికి ఊపిరి పోస్తుంది. వర్కింగ్ డిజైన్స్ చివరి ఏళ్ళు చూడండి. 2001లో సిల్ఫీడ్, 2002లో ఆర్క్ ద లాడ్, 2003లో ఏమీ లేదు, 2004 చివర్లో గ్రోలాన్సర్. ఇలా ఏడాదికి ఒకటి, అరతో జీతాలు, అద్దె, అడ్వాన్సులు ఎలా నడుస్తాయి? పెట్టె తీసేసి పల్చటి కాగితం పెట్టినా ఈ లెక్క మారదు.

అనుమతి

ఎందుకు తగ్గాయి అన్నదే కీలకం. కన్సోల్ మీద గేమ్ విడుదల చేయాలంటే రెండుసార్లు అనుమతి కావాలి. మొదట ఈ గేమ్ మా కన్సోల్ మీద ఉండొచ్చు అని ఒప్పుకోవాలి. పూర్తయ్యాక లోపాలు లేవని పరీక్షించి ఇంకోసారి ఒప్పుకోవాలి. రెండోది టెక్నికల్ విషయం, కష్టపడితే గట్టెక్కుతాం. మొదటిది అభిరుచి, వ్యాపార విధానం. దాని మీద వాదన ఉండదు, అప్పీలు ఉండదు.

2000 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 అమెరికాకు వచ్చింది, కొద్ది కాలంలోనే తిరుగులేని కన్సోల్ అయింది. గేమ్‌లు క్యూ కట్టాయి. ఇప్పుడు సోనీకి రెడింగ్ కంపెనీతో పనేముంది? జపాన్‌లో కొనామీ తెచ్చిన గోయెమాన్ సిరీస్ గేమ్ ఒకటి ప్లేస్టేషన్ 2 మీద తేవాలని వర్కింగ్ డిజైన్స్ చూసింది. సోనీ అమెరికా విభాగం అనుమతి ఇవ్వలేదు. గ్రోలాన్సర్ రెండో, మూడో భాగాలను కలిపి గ్రోలాన్సర్ జెనరేషన్స్ పేరుతో 2004లో విడుదల చేయగలిగారు. అదే ఆఖరి గేమ్. 2005 డిసెంబరులో ఐర్లాండ్ మూసివేత ప్రకటిస్తూ సోనీ అనుమతుల దగ్గర ఎదురైన ఇబ్బందులనే కారణంగా చెప్పాడు.

సోనీని విలన్ చేయడం నా ఉద్దేశం కాదు. తన దుకాణంలో ఏ సరుకు ఉండాలో తేల్చుకునే హక్కు సోనీది. కానీ ఆ హక్కు మీద ఆధారపడి జీతాలిచ్చే కంపెనీ, ఆ తలుపు మూసుకుపోతే వెళ్ళడానికి రెండో తలుపు పెట్టుకోవాలి. 1991 నుంచి ప్రతిసారీ ఒక కన్సోల్ పోతే ఇంకో కన్సోల్ దొరికింది. 2002 తర్వాత రెండో తలుపు దొరకలేదు.

తర్వాత ఎవరికి ఏం దక్కింది

కంపెనీ నడుస్తుండగానే, 2002లో, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన లూనార్ లెజెండ్‌ను అమెరికాలో యూబీసాఫ్ట్ విడుదల చేసింది. 2005లో నింటెండో డీఎస్‌కు వచ్చిన లూనార్ కూడా యూబీసాఫ్ట్‌దే. 2010లో ప్లేస్టేషన్ పోర్టబుల్ కోసం మళ్ళీ తయారైన లూనార్: సిల్వర్ స్టార్ హార్మొనీ ఎక్స్‌సీడ్ అనే పబ్లిషర్ చేతికి వెళ్ళింది. గ్రోలాన్సర్ తర్వాతి భాగాలు అట్లస్ కంపెనీకి వెళ్ళాయి. అలండ్రా, ఆర్క్ ద లాడ్ ప్లేస్టేషన్ డిజిటల్ స్టోర్‌లో మళ్ళీ కనిపించినప్పుడు వాటిని తెచ్చింది మంకీపా గేమ్స్.

ఆ సిరీస్‌ల పేర్లు అమెరికాలో నలుగురి నోళ్ళలో నానేలా చేసింది వర్కింగ్ డిజైన్స్. పంట మాత్రం అందరికీ పంచబడింది. ఇందులో మోసం లేదు. ఒప్పందాలు అలా ఉన్నాయి. ఒక గేమ్, ఒక కన్సోల్, ఒక దేశం వరకే హక్కు. పాత గేమ్‌లను డిజిటల్‌గా అమ్ముకునే కాలం వచ్చేసరికి, ఏటేటా కూర్చుని తినగలిగే ఆస్తి కంపెనీకి మిగల్లేదు, నిజానికి కంపెనీయే మిగల్లేదు.

ఎక్స్‌సీడ్ సంగతి ఇక్కడ పక్కన పెట్టి చూడాలి. స్క్వేర్ ఎనిక్స్ అమెరికా శాఖలో పనిచేసి బయటికి వచ్చినవాళ్ళు 2004 చివర్లో, అంటే గ్రోలాన్సర్ జెనరేషన్స్ వచ్చిన రోజుల్లోనే, దాన్ని పెట్టారు. 2007లో జపాన్‌కు చెందిన ఏక్యూ ఇంటరాక్టివ్ అందులో ఎక్కువ వాటా తీసుకుంది, ఆ తర్వాత అది మార్వెలస్ గొడుగు కిందికి వచ్చింది. స్వేచ్ఛ తగ్గింది, బదులుగా మాతృసంస్థ గేమ్‌లు క్రమంగా అందాయి, జీతాలు ఆగలేదు. అయినా అక్కడ కూడా అదే కథ. ట్రైల్స్ ఇన్ ద స్కై సిరీస్ నవలల దొంతరంత రాత. ఎక్స్‌సీడ్ మొదటి భాగాన్ని 2011లో, రెండోదాన్ని 2015లో, మూడోదాన్ని 2017లో ఇంగ్లీషులో తెచ్చింది. ఆ సిరీస్‌లో ట్రైల్స్ ఆఫ్ కోల్డ్ స్టీల్ 3 వచ్చేసరికి, 2019లో, హక్కులు ఎన్ఐఎస్ అమెరికాకు వెళ్ళాయి. అంత చాకిరీ చేసినా హక్కుదారు ఇంకొకరిని ఎంచుకోగలడు.

మన దగ్గర దీన్ని ఎలా వాడాలి

కన్సోల్ అనుమతి అంటే హైదరాబాద్‌కు తెలియని విషయం కాదు. 2009లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ గేమ్‌ను తయారు చేసింది ఇక్కడి అరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. ఇప్పుడు మన టీములు చూస్తున్నది ఎక్కువగా మొబైల్ వైపు. అక్కడ అనుమతి సులువుగా వస్తుంది కాబట్టి ప్లాట్‌ఫామ్ రిస్కు లేదని అనుకుంటారు. 2022 జులైలో బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్ భారత్ వెర్షన్) లాంటి కోట్లమంది ఆడే గేమ్ ప్రభుత్వ ఆదేశంతో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. దాన్ని నడిపే క్రాఫ్టన్ అంతటి సంస్థ తట్టుకుంది. అప్పు చేసి హక్కులు కొన్న చిన్న టీము ఆ పది నెలలు తట్టుకోగలదా?

వర్కింగ్ డిజైన్స్ కాలానికీ ఇప్పటికీ పెద్ద తేడా ఒకటి ఉంది. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో 2017లో స్టీమ్ డైరెక్ట్ మొదలయ్యాక, 100 డాలర్లు కట్టి నియమాలు పాటిస్తే పీసీ గేమ్‌ను ఎవరైనా విడుదల చేయొచ్చు. ఈ గేమ్ మా స్థాయికి తగదు అని ఆపే మొదటి అనుమతి అక్కడ దాదాపు లేనట్టే. ఐర్లాండ్‌కు 2003లో లేని రెండో తలుపు ఇదే. అందుకే పబ్లిషింగ్ మొదలుపెట్టాలనుకునే టీముకు పీసీతో మొదలుపెట్టమని చెబుతాను. ఆదాయం మొబైల్‌లోనే ఎక్కువ ఉండొచ్చు, అది తర్వాత.

ఎంచుకునే గేమ్ పూర్తయినదై ఉండాలి. నెల నెలా అప్‌డేట్‌లు వచ్చే గేమ్‌కు పబ్లిషర్ కావడం అంటే అవతలివాళ్ళ క్యాలెండర్‌కు జీతం లేని ఉద్యోగి కావడమే. తయారు చేసినవాళ్ళు కూడా చిన్నవాళ్ళై, మన భాషల మార్కెట్‌లోకి రావడానికి మన అవసరం ఉన్నవాళ్ళై ఉండాలి. టర్బోగ్రాఫ్స్ రోజుల్లో వర్కింగ్ డిజైన్స్‌కు దొరికిన మర్యాద అలాంటి చోటే దొరుకుతుంది. ఐజీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో అలాంటి డెవలపర్లు మన పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటారు.

అడ్వాన్సు కట్టే ముందు తెలుగు అక్షరాలు ఆ గేమ్ ఇంజిన్‌లో (గేమ్‌ను తయారు చేసి నడిపే సాఫ్ట్‌వేర్‌లో) సరిగా వస్తాయో లేదో చూడాలి. యూనిటీ ఇంజిన్‌లో అక్షరాలు చూపడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో వత్తులను, గుణింతాలను కలిపి చూపలేదు, అక్షరాలు విడివిడిగా పడతాయి. అన్‌రియల్, గోడో 4 ఇంజిన్లలో అక్షరాలను సరిగా కలిపే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఇంకో మెలిక క్రియలది. ఆటగాడి పేరు వచ్చే చోట "గెలిచాడు" అనాలా, "గెలిచింది" అనాలా అన్నది గేమ్‌కు తెలియకపోతే వాక్యాలన్నీ తిరగరాయాలి, లేదా కోడు మార్చాలి. కోడు మార్చే హక్కు మనకుందా లేదా అన్నది ఒప్పందం చూస్తేనే తెలుస్తుంది. సర్వీసు పనిలో ఇవన్నీ క్లయింటు తలనొప్పి. పబ్లిషర్ అయ్యాక మన తలనొప్పి.

ఒప్పందంలో నేను వదలకుండా పట్టుకునేవి కొన్ని ఉన్నాయి. స్టోర్ అనుమతి వచ్చాకే అడ్వాన్సులో పెద్ద భాగం చెల్లించాలి. అనుమతి రాకపోతే కట్టింది తిరిగి ఇవ్వకపోయినా, అదే హక్కుదారు ఇంకో గేమ్‌కు సర్దుబాటు చేయాలి. ఆ గేమ్ తర్వాత ఏ ప్లాట్‌ఫామ్‌కు వెళ్ళినా మన భాషల్లో ముందుగా మనల్ని అడగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మనం రాయించిన తెలుగు డైలాగులు, రికార్డు చేయించిన గొంతులు మన ఆస్తిగా ఉండాలి. రేపు ఇంకో పబ్లిషర్ ఆ గేమ్‌ను తెలుగులో తేవాలంటే, మన రాత వాడుకుంటే మనకు డబ్బు ఇవ్వాలి. చాలామంది హక్కుదారులు ఈ ఆఖరి దానికి ఒప్పుకోరు. ఒప్పుకోనప్పుడు పబ్లిషింగ్ వద్దు, సర్వీసు రేటు పెంచి అడగండి అని చెబుతాను. కొందరికి ఇది పిరికితనంగా వినిపిస్తుంది. రాసినవాళ్ళకు విలువ దక్కని చోట మన డబ్బు కూడా పెట్టడం ధైర్యం కాదు.

ఐర్లాండ్ 2006లో గైజిన్‌వర్క్స్ పేరుతో మళ్ళీ మొదలుపెట్టాడు. 2012లో క్లాస్ ఆఫ్ హీరోస్ 2 కోసం జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటులో 5 లక్షల డాలర్లు అడిగితే ఆ మొత్తం రాలేదు. అయినా మంకీపా గేమ్స్‌తో కలిసి 2013లో ఆ గేమ్‌ను ముందు డిజిటల్‌గా తెచ్చారు, డిస్కులు మాత్రం ముందుగా డబ్బు కట్టినవాళ్ళ కోసం కొద్దిగా అచ్చువేశారు. గోడౌన్ లేదు, దుకాణాల నుంచి తిరిగి వచ్చే సరుకు లేదు. నా దగ్గరికి వచ్చే టీములకు మొదటి గేమ్ కోసం నేను వేసి ఇచ్చే లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది: ముందు డిజిటల్, డబ్బు చేతికి వచ్చాక పెట్టె.